పొద్దుటి బస్సు పెదనాయన

ఆయన పోయాడని ఫోను వచ్చేసరికి నేను ఇడ్లీకి పిండి రుబ్బుతున్నాను. గ్రైండరు ఆపేసి నేరుగా పెరట్లోకి పోయి తలమీద నీళ్లు పోసుకున్నాను. పేపరు చదువుతున్న మా ఆయన లేచి వచ్చి, ఎవరు పోయారని అడిగాడు. చెప్పాను. "నీతోపాటు బస్సులో వచ్చేవాడు, ఆ ముసలాయనా? ఆయన నీకేమవుతాడని తలస్నానం?" అన్నాడు.

మా ఆయనది చిత్తూరు వైపు. ఉద్యోగానికని కోవిల్‌పట్టి వచ్చి, నన్ను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతాం గాని చదవం, రాయం. చదువంతా తమిళంలోనే. నా మాట విని ఆయన ఇప్పటికీ నవ్వుతాడు, మీది తాతల కాలం నాటి తెలుగు అని. అంతటి తెలుగాయనకు మా ఇంటిపేర్ల పట్టింపు మాత్రం తలకెక్కదు. మా వైపు ఇంటిపేరు ఒకటైతే చాలు, ముఖం చూడని మనిషైనా అన్నదమ్ముల వరస అవుతాడు. పోతే మైల పట్టాలి. పెళ్లయి వేరే ఇంటికి వచ్చిన ఆడదానికి కూడా పుట్టింటి మైల కొంత ఉంటుంది. "పెదనాయన అవుతాడు," అన్నాను తల తుడుచుకుంటూ.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుండగా పేరు పెట్టి పిలిచిందాన్ని కాదు, ఇప్పుడు మాత్రం ఎందుకు?

నేను విరుదునగర్‌లో ఒక బడి ఆఫీసులో గుమాస్తా పని చేస్తాను. కోవిల్‌పట్టిలో పొద్దుటి బస్సు ఎక్కితే బడి గంటకు ముందే చేరుకోవచ్చు. ఆ బస్సులో ముందు తలుపు పక్కన, రోడ్డు బాగా కనబడే మొదటి సీటు ఆయనది. పేరు రాసిపెట్టి లేదు గాని, ఆ దారిలో రోజూ తిరిగేవాళ్లెవరూ అందులో కిటికీ పక్కన కూర్చోరు. తెలియక కొత్తవాళ్లు కూర్చుంటే కండక్టరు మర్యాదగా లేపుతాడు. ఉద్యోగమంతా ఆ దారిలోనే సర్కారు బస్సు తోలి రిటైరైన మనిషి ఆయన. రిటైరైన మరుసటి రోజు పొద్దున అదే వేళకు లేచి, చన్నీళ్లు పోసుకుని, అదే బస్టాండుకు నడిచి పోయి, ఈసారి ప్రయాణికుడిగా ఎక్కాడట. విరుదునగర్‌లో దిగి, ఒక చుట్టు తిరిగి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాడు. అప్పటినుంచి ఆదివారాలు తప్ప అదే ఆయన నౌకరీ.

ఎక్కే ముందు బస్సు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. ఒక్కొక్క టైరునూ చెప్పుకాలితో మెల్లిగా తన్ని, తల ఒక పక్కకు వంచి వినేవాడు. ఏమి వినబడిందో ఎవరికీ చెప్పేవాడు కాదు. డ్రైవర్లకు కోపం వచ్చేది కాదు. ఆయన చుట్టు ముగిసేదాకా టీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడేవాళ్లు. తెల్లచొక్కా, జేబులో చిన్న దువ్వెన, నుదుట సన్నటి నామం, భుజం మీద ఉతికి మడిచిన తుండు. దువ్వెన పక్కనే కాగితంలో చుట్టిన కడలమిట్టాయి ముక్కలు కూడా ఉండేవి. వేరుశెనగపప్పు, బెల్లం కలిపి చేసే మా ఊరి మిఠాయి అది. బస్సులో ఏ బిడ్డైనా ఏడిస్తే, ముఖం రోడ్డు మీదినుంచి తిప్పకుండానే చెయ్యి మాత్రం వెనక్కి చాపి ఒక ముక్క ఇచ్చేవాడు. వెనక్కి తిరిగి చూడటం ఆయనకు అలవాటు లేదు.

బస్సు కదిలాక నోరు మూతపడేది, కాలు పని మొదలుపెట్టేది. కుడికాలు నేలను నొక్కుతూ ఉండేది. ముందు లారీ దగ్గరైతే మెల్లిగా నొక్కేవాడు, మేకలు అడ్డం వస్తే గట్టిగా నొక్కేవాడు. డ్రైవరు బ్రేకు వేయడం కొంచెం ఆలస్యం చేస్తే ఈయన బొటనవేలు తెల్లబడిపోయేది. అయినా తోలేవాడితో ఒక్క మాట అనేవాడు కాదు. ఎందుకు చెప్పరని తర్వాత ఒకసారి అడిగాను.

"వాని చేతిలో స్టీరింగు ఉండాది, నా చేతిలో తుండు ఉండాది. తుండు పట్టుకున్నోడు మాట్లాడకూడదు," అన్నాడు.

మొదటి కొన్ని నెలలు మేమిద్దరం తమిళంలోనే మాట్లాడుకున్నాం. నేను ఆయన్ను అయ్యా అనేదాన్ని, ఆయన నన్ను ఏమ్మా అనేవాడు. ఎండ గురించి, బస్సు రద్దీ గురించి నాలుగు మాటలు, అంతే. ఒక రోజు మా అమ్మ ఫోను చేసింది. కళుగుమలై పక్క పల్లెలో ఉంటుంది. మా వాళ్లందరికీ ఒక ధైర్యం ఉంది, ఇంటి మాట వీధిలో ఎవరికీ అర్థం కాదని. కొట్లో బేరమాడేటప్పుడూ, పదిమందిలో ఒకరి మీద చాడీలు చెప్పుకునేటప్పుడూ ఆ ధైర్యంతోనే నోరు విప్పుతాం. నేనూ విప్పాను. "బస్సులో ఉండానమ్మా. పక్కన ఒక ముసలాయన కూకోని ఉండాడు. ఆ పక్క డ్రైవరు తోలుతుండాడు, ఈ పక్క ఈయన కాలితో తోలుతుండాడు. ఇద్దరికీ జీతం ఈయాల," అన్నాను. అమ్మ నవ్వింది. పక్కన ఆయన ముఖంలో ఏ కదలికా లేదు. సాత్తూరు వచ్చింది, ఎండిన వైప్పారు మీద వంతెన దాటాం, విరుదునగర్ కూడా వచ్చేసింది. దిగబోతూ ఆయన నా వైపు తిరిగాడు.

"ఎవురైనా కాలితోనే గదమ్మా తోలేది," అన్నాడు, అచ్చం మా ఇంటి తెలుగులో.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తడబడుతూ, "మీరు తెలుగోళ్లని ఏల చెప్పలేదు?" అన్నాను, తప్పంతా ఆయనదే అన్నట్టు.

"నువ్వు అడగలేదు, నేనూ అడగలేదు. మన జనమంతా ఇంతే. ఒకరి పక్కన ఒకరు కూకోని అరవం మాట్లాడుకుంటానే సచ్చిపోతారు. ఏ ఊరు?"

"కళుగుమలై పక్క."

"నాది కడంబూరు పక్క. ఇంటిపేరు?"

చెప్పాను. ఆయన అక్కడే నిలబడిపోయాడు. వెనక జనం తోసుకుంటున్నారు. "మాదీ అదే," అన్నాడు. "అట్లయితే నేను నీకు పెదనాయన. మా తమ్ముని బిడ్డ మాదిరి నువ్వు. రేపటినుండి అయ్యా గియ్యా అనకూడదు." ఇంత చెప్పి, నవ్వకుండా, తుండు దులిపి భుజాన వేసుకుని బజారు వైపు నడిచిపోయాడు. నాకు నాయన చిన్నప్పుడే పోయాడు. బడి దాకా నడిచే దారిలో, పెదనాయన అన్న మాటను మనసులో రెండు మూడుసార్లు అనుకున్నాను. అలా అనుకోవడం బాగుంది. ఆ సంగతి దాచాల్సిన పని లేదు.

అప్పటినుంచి మా మాటలు తెలుగులోకి మారాయి గాని, గొంతు మాత్రం తగ్గింది. వీధిలో ఇంటి మాట గట్టిగా మాట్లాడటం మా ఇద్దరికీ చేతకాలేదు. ఒకసారి అడిగాను, "ఏల పెదనాయనా, దినమూ విరుదునగర్? అక్కడ ఏముండాది మీకు?"

"ఏమీ లేదు," అన్నాడు. "పొయ్యేదానికి ఒక ఊరు ఉండాల గదా, పాపా."

నిజంగానే అక్కడ ఆయనకు ఏ పనీ ఉండేది కాదు. సెలవు పెట్టి అక్కడే పంటి డాక్టరు దగ్గరికి పోయిన ఒక రోజు ఆయన తిరుగుడంతా నా కంట పడింది. బస్సు దిగి బజారులోకి నడిచాడు. మిరపకాయల మండీ ముందు నిలబడి, బస్తాలోంచి ఒక కాయ తీసి విరిచి వాసన చూసి, గట్టిగా తుమ్మాడు. కొట్టువాడు దానికోసమే ఎదురుచూస్తున్నట్టు నవ్వాడు. తర్వాత పప్పుల కొట్టు, తర్వాత నూనె కొట్టు. ఎక్కడా ఏమీ కొనలేదు. అన్నిచోట్లా, ఎట్లుండాది యాపారం అని తమిళంలో అడిగాడు, జవాబు శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు. చివరికి ఒక టీ కొట్లో గోడవైపు బల్ల మీద కూర్చుని, చెప్పులు విప్పి, పాదాలు ఒకదానిమీద ఒకటి వేసి టీ తాగాడు. ఏ సేటూ అంత తృప్తిగా తాగి ఉండడు. నేను పలకరించకుండానే తప్పుకున్నాను. ఆయన డ్యూటీలో ఉన్నాడు.

ఆయన భార్యను నేను చూడలేదు. రిటైరు కావడానికి ముందే పోయిందట. ఆమె గురించి ఒక్కసారే చెప్పాడు. కార్తీకంలో ఒక పొద్దు, రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి తడిసి, పత్తిచేలు పచ్చగా ఉన్నాయి. అగ్గిపెట్టెల ఆఫీసుకు, అంటే ఫ్యాక్టరీకి, పోయే ఆడవాళ్లు టిఫిను క్యారియర్లతో బస్సు నిండా ఎక్కారు. వాళ్లలో ఒకామె గట్టిగా నవ్వింది. ఆయన తల కొంచెం పక్కకు తిరిగింది. వెనక్కి చూడని మనిషి తల తిరగడం నేను అదే మొదటిసారి చూశాను.

"మీ పెద్దమ్మ నా బండిలో ఒకే సారి వచ్చె," అన్నాడు. "వెనక కూకోని ఉండాదని తెలుసు గదా. అద్దంలో ఒక తూరి చూస్తిని. అంతలో బండి గుంతలో పడె. జనమంతా అరిచిరి. ఆ దినమే చెప్పేస్తిని, నా బండిలో ఇంక రావొద్దని. మళ్లా రాలేదు. పుట్టింటికి పోవాలంటే గూడా వేరే బండి చూసుకోని పోయె. ఇప్పుడు నేను పనేమీ లేకుండా సుమ్మా కూకోని ఉండాను, పక్కన సీటు ఉండాది. ఆయమ్మ లేదు."

సాత్తూరులో దోసకాయలమ్మే ఆమె కిటికీ దగ్గరికి వస్తే, ఎప్పుడూ ఏమీ కొనని మనిషి రెండు కాయలు కొని ఒకటి నాకిచ్చాడు.

దెబ్బలు ఆయనకు తగలకపోలేదు. ఒకసారి స్నానాల గదిలో జారి ఎడమ మణికట్టు విరిగింది. కట్టుతోనే బస్సెక్కాడు. ఇంట్లో ఉండమన్నారు కదా డాక్టరు అంటే, "విరిగింది చెయ్యి గదా, కాళ్లు యేమి తప్పు చేసె?" అన్నాడు. కంటికి పొర తీయించుకున్నప్పుడు నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. డ్రైవరు ఆయన్ను చూసి, "అన్నాచ్చి, సినిమా హీరోలాగా ఉన్నారే," అని తమిళంలో ఎగతాళి చేస్తే, రోజంతా ఉబ్బిపోయాడు. మోకాలు వాచినప్పుడు నువ్వులనూనె రాసుకుని వాసన కొడుతూ వచ్చాడు. నేను ముక్కు మూసుకున్నట్టు నటిస్తే, "రేపటినుండి మల్లెపువ్వు వాసన నూనె తెస్తాను, నీకోసరం," అన్నాడు. వీటన్నిటిలో ఆయన పెద్దగా పట్టించుకున్నది ఏదీ లేదు. ఏది వచ్చినా నాలుగు రోజులు ఇంటి ముందు వీధిలో నడిచి చూసుకుని, ఐదో రోజు బస్టాండుకు వచ్చేవాడు.

ఇంట్లో మాత్రం ప్రతిసారీ గొడవ అయ్యేది. కొడుకు మంచివాడే. టైర్ల కొట్టు పెట్టుకుని ఉన్నాడు. నాయనకు ఏమైనా అయితే ఊరు తనను ఏమంటుందోనని అతని భయం. ఆయన్ను చూడటానికి ఇంటికి పోయినప్పుడు కోడలు ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "అక్కా, మీరన్నా చెప్పండి. మామ మీ మాట వింటాడు," అంది. చెప్పి చూశాను. ఆయన నా మీద కోపపడలేదు. తనతోపాటు రిటైరైన ఇంకో డ్రైవరు సంగతి చెప్పాడు. ఆ మనిషి రిటైరైన నాడే ఇంటి ముందు కుర్చీ వేసుకుని, ఇంక ఏ బండీ ఎక్కనని కూర్చున్నాడట. ఏ రోగమూ లేదట. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కరిగిపోయి, ఏడాది తిరక్కముందే పోయాడట.

"నేను బస్సు ఎక్కేది నిలిచిందంటే నేనూ నిలిచిపోతాను, పాపా," అన్నాడు. "ఇల్లు తీసుకోండి, పొలం తీసుకోండి, ఏమీ అనను. ఈ పొద్దుటి బస్సును మట్టుకు నానుండి తీసుకోకూడదు." ఆ గొంతులో మొదటిసారి బతిమాలుకోవడం వినబడింది. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాతి వేసవిలో ఆయనకు పక్షవాతం తగిలింది. పెద్దది కాదన్నారు డాక్టర్లు. మాట పోలేదు, చెయ్యి తిరిగి వచ్చింది. ఎడమకాలు మాత్రం మొద్దుబారింది. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక కొడుకు గట్టిగా చెప్పేశాడు, ఇంక బస్సు లేదని. ఆయన వాదించలేదు. కొన్నాళ్లు గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆదివారం పోతే, తెలుగులో కాదు, తమిళంలో కాదు, ఏ భాషలోనూ ఒక్క ముక్క మాట్లాడలేదు. తర్వాత ఒక రోజు లేచి కూర్చుని కొడుకును పిలిచాడట. "మెట్టు ఒంటిగా ఎక్కి చూపిస్తే విడుస్తావా?" అని అడిగాడట. ఆ కాలుతో అది జరిగే పని కాదనుకుని కొడుకు సరేనన్నాడు.

ఇంటి మెట్లు ఆయనకు సరిపోలేదు. బస్సు మెట్టు ఎత్తు వేరు. పెరట్లో సిమెంటు దిమ్మెలు ఒకదానిమీద ఒకటి పేర్పించి, పక్కన పట్టుకోవడానికి ఒక ఇనుప గొట్టం పాతించాడు. బస్టాండులో ప్లాట్‌ఫారం మీద నిలబడితే బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తులో ఉంటుందో మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించి, అంతే ఎత్తు కట్టించాడు. కాలికి వ్యాయామం నేర్పడానికి వచ్చే అమ్మాయి ఆయనకు ఒక సూత్రం చెప్పింది, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు రోగపు కాలు ముందు అని. ఆయనకు అది తెగ నచ్చింది. రోడ్డు రూలు మాదిరి ఉండాదని మెచ్చుకున్నాడు. పొద్దున బస్సు వేళకు తెల్లచొక్కా వేసుకుని, నామం పెట్టుకుని పెరట్లోకి పోయేవాడు. మంచి కాలు దిమ్మె మీద పెట్టి, గొట్టం పట్టుకుని లాగేవాడు. రోగపు కాలు నేలను వదలదు. మళ్లీ లాగేవాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకునేది. ఆడి, అంటే ఆషాఢమాసం గాలి మట్టి ఎత్తి ముఖాన కొట్టినా లోపలికి వచ్చేవాడు కాదు. పడినప్పుడు కూడా ఎవరినీ పిలిచేవాడు కాదు. కోడలు వంటింటి కిటికీలోంచి చూస్తూ, పోవాలా వద్దా తెలియక కొంగు నోట్లో కుక్కుకునేది.

ఒక ఆదివారం నేను పోయేసరికి ఆయన దిమ్మె మీద నిలబడి ఉన్నాడు. రెండు కాళ్లూ పైనే ఉన్నాయి. కుడిచేత్తో గొట్టం పట్టుకుని, ప్రహరీగోడ మీదుగా వీధి చూస్తున్నాడు. నన్ను చూసి, "వస్తివా? సీటు ఉండాది, రా," అన్నాడు. చాలాసేపు దిగలేదు. కోడలు లోపల ఏడుస్తోంది. కొడుకు గుమ్మంలో నిలబడి, "సరే నాయనా, అమావాస్య పోనీ, బుధవారం పోదురుగాని," అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను మా ఇళ్ల పెళ్లిళ్లలో కూడా చూడలేదు. బుధవారానికి ఏ చొక్కా వేసుకోవాలో నన్ను అడిగాడు. అన్నీ తెల్లవే.

ఆ బుధవారం తర్వాత ఆయన బతికిన నెలల గురించి నేను రాయను. రాయడానికీ ఏమీ లేదు. ఇంటి ముందు కుర్చీ వేశారు, అందులో కూర్చున్నాడు. పోయి పలకరిస్తే, "అన్నీ బాగుండాయి, నీకు బడికి లేటు అవుతాది, పో," అనేవాడు. పెరట్లో దిమ్మెలు కొడుకే తీయించేశాడు. కాని ఆ బుధవారం సంగతి చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

ఆయన, కొడుకు, కోడలు, నేను, నలుగురం కలిసి ఆటోలో బస్టాండుకు పోయాం. ఆటోలోంచి తనే దిగాడు, రోగపు కాలు ముందు పెట్టి, సూత్రం తప్పకుండా. తల ఎత్తి చూస్తే ప్లాట్‌ఫారం లేదు. ముందు రోజు సాయంత్రం నేను దిగినప్పుడు ఉన్నదే. మరమ్మతులకని రాత్రికి రాత్రే తవ్వి, రాళ్లు కుప్ప పోశారు. బస్సు అవతల, పల్లంలో, రోడ్డు మీద నిలబడి ఉంది. మెట్టు ఎంతో పైకి పోయినట్టు కనబడింది. రేపు పోదాం పెదనాయనా అనబోయాను. ఆయన అప్పటికే భుజం మీది తుండు తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్వు ముందు ఎక్కి సీటు పట్టు," అన్నాడు.

ఎక్కి, మొదటి సీటులో కిటికీ వైపు ఆయన తుండు పరిచి, పక్కన కూర్చున్నాను. బస్సు అప్పటికే నిండిపోయింది. ఆయన టైర్లు చూడలేదు, చుట్టూ తిరగలేదు. నేరుగా తలుపు దగ్గరికి వచ్చి, కమ్మీ పట్టుకుని, మంచి కాలు ఎత్తి మెట్టు మీద పెట్టాడు. లాగాడు. ఎడమకాలు నేల వదలలేదు. మళ్లీ లాగాడు. మెడ నరాలు ఉబ్బాయి. మూడోసారికి మంచి కాలే వణకడం మొదలుపెట్టింది. కండక్టరు దిగి చెయ్యి చాపాడు. "పట్టుకోండయ్యా," అంటూ అగ్గిపెట్టెల ఆఫీసు ఆడవాళ్లు కొంగులు దోపుకుని లేచారు. "నాయనా, నేను ఎత్తుతాను," అన్నాడు కొడుకు వెనకనుంచి.

డ్రైవరు పెదనాయన దగ్గరే బండి నేర్చుకున్నవాడు. అతను చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు. ఎంతసేపైనా సరే, ఆగుతానన్నట్టు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి తల దించుకున్నాడు. ఒక్కరు కూడా లేటవుతుందని గొణగలేదు. వాళ్ల మంచితనమే ఆయన్ను కొట్టిందని నేను అనుకుంటున్నాను. తన మొత్తం నౌకరీలో ఏ ఒక్క మనిషి కోసమూ ఇంజను ఆపి బండిని నిలబెట్టని పెదనాయన, తన కోసం ఆగిపోయిన ఇంజను వైపు చూశాడు. డ్రైవరు ముఖం చూశాడు. వెనక ఇంకో బస్సు హారను కొడుతోంది. పెదనాయన వంగి, తన మంచి కాలును తన చేత్తోనే మెట్టు మీదినుంచి దించుకున్నాడు. కమ్మీ వదిలాడు. రాళ్ల కుప్ప దాకా వెనక్కి జరిగాడు. ఆ తర్వాత, ఉద్యోగమంతా కండక్టర్ల నోట విని బండి కదిలించిన అరవ మాటను, పోదామనే మాటను, తన నోటితో తాను అన్నాడు.

"పోలాం, రైట్."

గట్టిగా అన్నాడు. డ్రైవరు కదల్లేదు. ఆయన మళ్లీ అన్నాడు, ఈసారి కోపంగా. ఇంజను మోగింది. నేను లేచి దిగబోయాను, జనం మధ్య దారి దొరకలేదు. బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే, కోడలు ఆయన చెయ్యి పట్టుకుంటోంది. ఎప్పుడూ ఎవరినీ పట్టుకోనివ్వని మనిషి, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

బైపాసు దగ్గర పూలబుట్టతో ఒకామె ఎక్కింది. నిలబడటానికి చోటు లేదు. కిటికీ పక్క పరిచి ఉన్న తుండును చూసి, "ఇక్కడ ఎవరైనా వస్తారా?" అని తమిళంలో అడిగింది.

తుండు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. "ఎవరూ రారు, కూర్చోండి," అన్నాను.